చేప రెటీనాలో నాడీ కణాలను రకాలవారీగా గుర్తుపట్టడం ఎలా?

రెటీనా అంటే కంటి వెనక గోడకు లోపలివైపు ఉండే, వెలుతురును పట్టే పల్చటి పొర. డిగ్రీ జువాలజీ పిల్లల రికార్డుల్లో దాని బొమ్మ ఏటా ఒకేలా ఉంటుంది. పైన నల్లటి పొర, దాని కింద వెలుతురును పట్టే రాడ్లు (మసక వెలుతురుకు), కోన్లు (రంగులకు), మధ్యలో వాటి కబురు అందుకునే ఒకే ఒక్క బైపోలార్ కణం, అడుగున ఆ కబురు మెదడుకు పంపే ఒక గాంగ్లియాన్ కణం, పక్కన బాణం గుర్తులు. సీనియర్ రికార్డు చూసి దించిన బొమ్మ అది. ఆ సీనియర్ కూడా ఇంకో సీనియర్‌ది చూసే దించి ఉంటాడు. నేను లెక్చరర్ని కాదు, నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని. స్లైడ్లు చెయ్యడం, గాజు సామాను కడగడం నా పని. బొమ్మలో ఉన్న ఒక్కో పేరు కింద అసలు చేపలో ఎన్నో రకాల కణాలు ఉంటాయి. కొన్నింటిని మన దగ్గరున్న మామూలు మైక్రోస్కోపుతోనే పట్టుకోవచ్చు. దానికి నేను పాటించే వరస ఇది: ముందు కణం ఏ పొరలో ఏ వరసలో ఉందో చూడాలి, తర్వాత ఆకారం చూడాలి, పేరు చివర్న పెట్టాలి. పిల్లలు దీన్ని తిరగేసి చేస్తారు. పేరు బట్టీ పట్టి, దానికి సరిపోయే కణం కోసం స్లైడంతా వెతుకుతారు.

ముందు చేప సంగతి. రెండు రకాలు చాలు: బంగారు తీగ, జిలేబి. బంగారు తీగ అంటే కామన్ కార్ప్. రెటీనా మీద ప్రపంచంలో జరిగిన పనిలో పెద్ద భాగం ఈ చేప మీద, దీని చుట్టమైన గోల్డ్ ఫిష్ మీద జరిగింది. కాబట్టి మీరు చూసేదాన్ని పుస్తకంతో పోల్చుకోవచ్చు. జిలేబి, అంటే తిలాపియా, ఎందుకు కావాలో కోన్ల దగ్గర చెప్తాను. కొర్రమీను మన రాష్ట్ర చేపే, రుచికి దానికి సాటి లేదు, కానీ ఆ ధర పెట్టి కొని కన్ను పీకడానికి నాకు చెయ్యాడదు.

యూజీసీ డిసెక్షన్లు వద్దన్నాక చేపను ల్యాబుకు తెచ్చి కోసే పని లేదు. తినడానికి కోసిన చేప తలకాయే మనకు చాలు. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద పొద్దున్నే వల తీసేటప్పుడు వెళ్తే అప్పుడే ఒడ్డుకు పడ్డ చేప దొరుకుతుంది. మార్కెట్లో ఐసు మీద పెట్టింది వద్దు. రెటీనా చాలా త్వరగా చెడిపోతుంది, గంటలు గడిచిన కన్నులో పొరలు చెదిరిపోయి ఉంటాయి. కన్ను ఉబ్బెత్తుగా, పాప నల్లగా, పైపొర గాజులా తేటగా ఉండాలి. తెల్లబారి లోపలికి కుంగితే వదిలెయ్యండి. కట్ట మీద చేపలమ్మే అక్క ఒకామె నన్ను చూసినప్పుడల్లా, "తలకాయ కూరకు తీస్కపోయెటోల్లను జూసిన గానీ, ఉత్త కండ్ల కోసం వచ్చెటోన్ని నిన్నే జూస్తున్న సారూ" అని నవ్వుతుంది. ఊరికే ఇస్తానంటుంది. నేను మాత్రం చేప కూడా కొంటాను, తలకాయ ల్యాబుకు, మిగతాది ఇంటికి.

ఒక చిన్న ఉపాయం ఉంది, దీన్ని మాత్రం దాటెయ్యొద్దు. బతికున్న చేప దొరికితే దాన్ని మూతపెట్టిన బకెట్లో, నీళ్లలో, చీకట్లో గంటసేపు ఉంచి ఆ తర్వాత కోయించండి. చేప కంటిపాప మన పాపలాగా చిన్నదీ పెద్దదీ కాదు, చాలా చేపల్లో అది కదలనే కదలదు. వెలుతురు తట్టుకోవడానికి చేప రెటీనా లోపలే సర్దుబాటు చేసుకుంటుంది. వెలుతురులో నల్ల రంగు రేణువులు కిందికి జారి రాడ్లను కప్పేస్తాయి, రాడ్లు సాగి ఆ నలుపులోకి దూరతాయి, కోన్లు పొట్టిగా ముడుచుకుని కటకం వైపు వస్తాయి. చీకట్లో అంతా తలకిందులు. నలుపు వెనక్కి పోతుంది, రాడ్లు ముందుకొస్తాయి, కోన్లు సాగుతాయి. చీకట్లో ఉంచిన చేపలో రెటీనా నల్లపొర నుంచి శుభ్రంగా ఊడొస్తుంది. ఎండలో పడున్న చేపలో మసి అంటుకున్నట్టు నలుపుతో సహా ముక్కలు ముక్కలుగా వస్తుంది. స్లైడు కింద నలుపు తప్ప ఏమీ కనపడదు.

కన్ను తీయడానికి వంపు కత్తెర కావాలి. కంటి చుట్టూ చర్మం కోసి, కింద కండరాలు, ఆప్టిక్ నరం కత్తిరిస్తే కన్ను బయటికొస్తుంది. నల్లగుడ్డు అంచు వెంబడి చుట్టూ కత్తిరించి కార్నియా ఎత్తెయ్యండి. గుండ్రంగా, గట్టిగా ఉండే కటకం దానంతటదే జారిపోతుంది, లేదంటే ఫోర్సెప్స్‌తో తీసెయ్యండి. మిగిలేది గిన్నె ఆకారం. దాన్ని 0.7 శాతం ఉప్పు ద్రావణంలో, అంటే లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు 7 గ్రాముల ఉప్పు కలిపిన దాంట్లో, ముంచండి. గిన్నె లోపల జిగటగా ఉండే విట్రియస్‌ను ఫిల్టర్ పేపర్ ముక్కతో అద్ది తీయాలి. ఇక్కడ ఓపిక కావాలి. జిగురు మిగిలితే రెటీనా ముడతలు పడుతుంది, పరుచుకోదు. పల్చటి బ్రష్షుతో అంచు నుంచి నెమ్మదిగా తోస్తే రెటీనా లేత గులాబీ రంగు పొరలా లేచొస్తుంది. అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఆప్టిక్ నరం దగ్గర మాత్రం అతుక్కుని ఉంటుంది, అక్కడ కత్తెర వెయ్యాలి.

ఇప్పుడు కోన్లు. చిన్న ముక్కను కోన్ల వైపు పైకి వచ్చేలా స్లైడు మీద పరిచి, ఒక చుక్క ఉప్పు నీళ్లు వేసి, కవర్ స్లిప్ పెట్టండి. రంగు అక్కర్లేదు. కండెన్సర్ డయాఫ్రమ్ బాగా మూసి, 40 ఆబ్జెక్టివ్‌తో, ఫైన్ ఫోకస్ అటూ ఇటూ తిప్పుతూ చూడండి. జిలేబిని తెమ్మన్నది ఈ ఒక్క దృశ్యం కోసమే. వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టినట్టు కోన్లు వరస తప్పకుండా పేర్చి ఉంటాయి: నాలుగు జంట కోన్లు చతురస్రంలా, వాటి నడుమ ఒక ఒంటి కోన్. జంట కోన్ అంటే రెండు కోన్లు పొడవునా అతుక్కుని ఉండటం, పైనుంచి చూస్తే మధ్యలో గీత ఉన్న కోల ఆకారం. ఒంటి కోన్ గుండ్రంగా ఉంటుంది. అంటే రంగు వెయ్యకముందే రెండు రకాలు దొరికాయి. బంగారు తీగలో ఈ అమరిక ఇంత క్రమంగా ఉండదు, కానీ పొడుగు, పొట్టి, జంట, ఒంటి తేడాలు బాగానే తెలుస్తాయి.

ఆకారాన్ని బట్టి విడగొట్టిన ఈ కోన్లు రంగును బట్టి కూడా వేరేనా? వేరే. జపాన్‌లో తొమితా బృందం కార్ప్ కోన్లలోకి సన్నటి గాజు ఎలక్ట్రోడ్ దించి ఒక్కో కోన్ ఏ రంగుకు ఎక్కువ స్పందిస్తుందో కొలిచి 1967లో ప్రచురించింది. మూడు గుంపులు తేలాయి, 462, 529, 611 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర. అంటే స్థూలంగా నీలం, ఆకుపచ్చ, ఎరుపు. కోన్ చాలా చిన్నది, ఎలక్ట్రోడ్ మొన గుచ్చుకోదు. అందుకని వాళ్లు ఎలక్ట్రోడ్‌ను కదలకుండా పెట్టి, కింద రెటీనానే ఒక్కసారిగా కుదిపే యంత్రం తయారుచేసుకున్నారు. గోల్డ్ ఫిష్‌లో, జీబ్రా ఫిష్‌లో అల్ట్రావయొలెట్‌కు నాలుగో రకం కోన్ కూడా ఉంది. మన కంటికి కనపడని వెలుతురు అది.

రెండో ముక్కను తిరగేసి, కటకం వైపు పైకి వచ్చేలా పరవండి. మిథిలీన్ బ్లూ చాలా పల్చగా, 0.02 నుంచి 0.05 శాతం, అదే ఉప్పు నీళ్లలో కలిపి పైన రెండు మూడు చుక్కలు వేసి, కవర్ స్లిప్ పెట్టకుండా గాలి తగిలేలా ఓ ఇరవై నిమిషాలో అరగంటో వదిలెయ్యండి. బతికున్న నాడీ కణం ఈ రంగును తాగుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎర్లిష్ 1880లలోనే కనిపెట్టాడు. అదృష్టం బాగుంటే గాంగ్లియాన్ కణాలు ఒక్కొక్కటిగా నీలంగా తేలతాయి. పెద్ద శరీరం, దూరదూరంగా పరుచుకున్న కొమ్మలు, ఒక సన్నటి దారం ఆప్టిక్ నరం దిక్కుగా. కబురు మోసుకుపోయే ఆ దారమే ఆక్సాన్. పక్కపక్కన పెద్దవీ, చిన్నవీ, ఒకవైపే కొమ్మలున్నవీ కనపడితే ఒక్కోదాన్నీ విడిగా గీసుకోండి, ఒకే పేరు కింద కలిపెయ్యొద్దు. రంగు అన్నింటికీ పట్టదు. ఎక్కువ రంగు వేస్తే అన్నీ నీలమైపోతాయి, అప్పుడు ఏదీ తెలియదు.

లోపలి పొరలు చూడాలంటే కోత తప్పదు. ఇంకో కన్నును, కణాలు చెడకుండా ఉన్నవి ఉన్నట్టు నిలిపే (ఫిక్స్ చేసే) బువాన్ ద్రావణంలో వెయ్యండి: సంతృప్త పిక్రిక్ ఆమ్లం 75, ఫార్మలిన్ 25, గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం 5 పాళ్లు. పిక్రిక్ ఆమ్లం పొడి ఎండితే పేలుతుంది. సీసా మూతకు అంటుకుని గట్టిపడ్డ పాత సీసా కనపడితే ముట్టుకోకుండా మేడమ్‌కో సార్‌కో చెప్పండి. కిటికీలు తీసి పెట్టుకోండి, గ్లవుజులు వేసుకోండి, లేదంటే వేళ్లు వారం దాకా పసుపు వదలవు. కార్నియాకు చిన్న గాటు పెట్టాలి, లేకపోతే ద్రావణం లోపలికి పోదు. ఒక రోజు ఉంచి, 70 శాతం ఆల్కహాల్‌లో పసుపు పోయేదాకా మార్చండి. ఆ మీదట 90, 100 శాతం, జైలీన్, కరిగిన మైనం, మామూలు వరసే. కటకాన్ని మాత్రం మైనానికి ముందే తీసెయ్యాలి. ఫిక్స్ అయిన కటకం రాయిలా గట్టిపడి, పల్చగా కోసే యంత్రం మైక్రోటోమ్ బ్లేడు తగలగానే ఎగిరి రెటీనాను చీల్చేస్తుంది. 5 నుంచి 7 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంతో కోయండి. కాలేజీలో మైక్రోటోమ్ మొండికేస్తే ఊళ్లో ఏదైనా పాథాలజీ ల్యాబులో బతిమాలితే బ్లాకులు కోసిస్తారు, దానికంత టెన్షన్ పడక్కర్లేదు. హిమాటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు చాలు.

స్లైడు పెట్టగానే నలుపు ఎటుందో చూడండి. నలుపు వైపు కంటికి బయటి దిక్కు, ఖాళీ వైపు లోపలి దిక్కు. వెలుతురు ఖాళీ వైపు నుంచి వచ్చి, మొత్తం నాడీ కణాలను దాటి, చివరికి నలుపు దగ్గరి రాడ్లకు, కోన్లకు తగులుతుంది. నలుపు నుంచి లోపలికి వస్తుంటే కేంద్రకాలు నీలంగా మూడు పట్టీలుగా కనపడతాయి, వాటి మధ్య రెండు గులాబీ పట్టీలు.

మొదటి నీలం పట్టీలోనే రాడ్లను, కోన్లను విడదీయొచ్చు. పట్టీకి బయటి అంచున పెద్దగా, కోలగా, లేత రంగులో ఒక వరస కేంద్రకాలుంటాయి. అవి కోన్లవి. లోపలి వైపు చిన్నగా, ముదురుగా, ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉన్నవి రాడ్లవి. చిన్న చేపదీ పెద్ద చేపదీ పక్కపక్కన పెట్టి చూడండి. చేప బతికున్నంత కాలం పెరుగుతుంది, కన్నూ పెరుగుతుంది, రెటీనా సాగుతుంది. సాగినకొద్దీ కోన్లు దూరం జరుగుతాయి. రాడ్లు మాత్రం మధ్యమధ్యలో కొత్తగా పుట్టి ఖాళీ నింపుతుంటాయి. మిగతా నాడీ కణాలన్నీ రెటీనా అంచున పుడతాయి. కోతలో ఐరిస్ దగ్గరికి జరుపుకుంటూ పోతే మూడు పట్టీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే చోటు వస్తుంది, అదే ఆ కొత్త కణాల పుట్టిల్లు. పెద్దయ్యాక మన కంట్లో ఇలాంటిది ఉండదు. పిల్లలకు ఇది చూపిస్తే మాత్రం ఫోన్లు పక్కన పెట్టి చూస్తారు.

రెండో నీలం పట్టీలోనే అసలు రకాలన్నీ ఉన్నాయి, ఇక్కడ తొందరపడొద్దు. దాని బయటి అంచున, మొదటి గులాబీ పట్టీకి ఆనుకుని పెద్ద కణాలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. అవి హారిజాంటల్ కణాలు, పక్కపక్కనున్న కోన్లతోనో రాడ్లతోనో అడ్డంగా కలిసేవి. మనుషుల్లో ఇవి చిన్నవి, చేపలో భారీగా ఉంటాయి. కార్ప్‌లో ఒకటి కంటే ఎక్కువ వరసలే ఉంటాయి. వీటి పెద్ద సైజు వల్లే ఒక పెద్ద కథ నడిచింది. గున్నార్ స్వెటిచిన్ 1953లో చేప రెటీనాలో ఎలక్ట్రోడ్ పెట్టి, వెలుతురు పడ్డంతసేపూ నిలకడగా ఉండే విద్యుత్ మార్పు చూశాడు. కోన్ నుంచే వస్తోందనుకున్నాడు. తర్వాత ఎలక్ట్రోడ్ నుంచి రంగు లోపలికి వదిలి చూస్తే అది హారిజాంటల్ కణం నుంచి వచ్చిందని తేలింది. దాన్ని ఇప్పటికీ ఆయన ఇంటిపేరులోని మొదటి అక్షరంతో ఎస్-పొటెన్షియల్ అంటారు. వీటిలో కోన్లతో కలిసేవి మూడు రకాలు, హెచ్1, హెచ్2, హెచ్3. రాడ్లతో కలిసేది ఇంకోటి, కొంచెం లోపలి వరసలో. ఏ రంగు వెలుతురు పడ్డా ఒకేలా స్పందించేది హెచ్1. విద్యుత్ స్పందన ఎరుపుకు ఒక దిక్కు, ఆకుపచ్చకు ఎదురు దిక్కు తిరిగేది హెచ్2. మీ స్లైడులో ఈ మూడింటినీ విడదీయలేరు. కోన్ వరస, రాడ్ వరస తేడా వరకు అందుతుంది, అంతకు మించి రాయొద్దు.

పట్టీ మధ్యలో నిలువుగా, కాస్త సన్నగా ఉన్న కేంద్రకాలు ఎక్కువగా బైపోలార్ కణాలవి. అన్నీ ఒకేలా కనపడతాయి, కానీ చేపలో ఇవి పది రకాలకు పైనే ఉన్నాయి. తేడా కేంద్రకంలో కాదు, ఆక్సాన్ ఎక్కడ ఆగుతుందన్న దాంట్లో ఉంది. ఫామిగ్లియెట్టి, కనెకో, తచిబానా 1977లో మన బంగారు తీగ జాతి చేపలోనే దీన్ని చూపించారు. రెండో గులాబీ పట్టీలో బయటి సగంలో ఆగేవి వెలుతురు ఆరినప్పుడు స్పందించే దారి, లోపలి సగం దాకా వెళ్లేవి వెలుతురు వెలిగినప్పుడు స్పందించే దారి. గాంగ్లియాన్ కణం తన కొమ్మలు ఏ సగంలో పరిస్తే ఆ కబురు దానికి అందుతుంది. అందుకని ఆ గులాబీ పట్టీని ఖాళీ జాగా అనుకోకండి. రికార్డులో దాన్ని సగానికి ఒక చుక్కల గీత గీసి రెండుగా చూపిస్తే ఎగ్జామినర్ ఆగి చూస్తాడు. గోల్డ్ ఫిష్‌లో రాడ్ల నుంచీ కోన్ల నుంచీ రెండింటి నుంచీ కబురందుకునే ఒక బైపోలార్ రకం ఉంది. దాని ఆక్సాన్ చివర గాంగ్లియాన్ కణాలకు ఆనుకుని 10 మైక్రాన్ల దాకా ఉబ్బి ఉంటుంది. నాడీ కణం చివర్నుంచి రసాయనం ఎలా విడుదలవుతుందో తెలుసుకోడానికి పరిశోధకులు నేరుగా దాని మీదే ఎలక్ట్రోడ్ ఆనించి కొలుస్తారు. ఇంత పెద్ద నాడి చివర వేరే జంతువుల్లో అంత సులువుగా దొరకదు.

అదే నీలం పట్టీకి లోపలి అంచున గుండ్రటి కేంద్రకాలు అమాక్రైన్ కణాలవి. వీటికి చెప్పుకోదగ్గ ఆక్సాన్ ఉండదు. పొడుగు పోగు లేనివి అన్న అర్థంలోనే స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ వీటికా పేరు పెట్టాడు. చేపలో పదుల రకాలున్నాయి, ఒక్కోటి ఆ గులాబీ పట్టీలో వేర్వేరు లోతుల్లో కొమ్మలు పరుస్తుంది. ఇవే కేంద్రకాల మధ్య ఇంటర్‌ప్లెక్సిఫారం కణాలు కూడా దాక్కుని ఉంటాయి. కొమ్మలు లోపలికీ పంపుతాయి, వెనక్కి మొదటి గులాబీ పట్టీ దాకా కూడా పంపుతాయి. రెటీనాలో కబురు సాధారణంగా బయటి నుంచి లోపలికి పోతుంది, ఇవి ఎదురు నడుస్తాయి. డౌలింగ్, ఎహింగర్ 1975లో గోల్డ్ ఫిష్‌లో ఇవి కబురు పంపడానికి డోపమైన్ అనే రసాయనం వాడతాయని చూపించారు. ఆ డోపమైన్ హారిజాంటల్ కణాల మధ్య ఉన్న కలుపులను సడలిస్తుందని 1983లో కార్ప్‌లో తేలింది. మామూలు రంగుతో వీటిని అమాక్రైన్ నుంచి విడదీయలేం. బాణం గుర్తు పెట్టి పేరు రాయకండి.

మూడో నీలం పట్టీ పల్చగా ఉంటుంది, ఎక్కువగా గాంగ్లియాన్ కణాలే. పట్టీలన్నింటినీ నిలువునా దాటి పోయే సన్నటి పోగులు కనపడితే అవి ముల్లర్ కణాలు, నాడీ కణాలు కావు. నాడీ కణాల లెక్కలో వాటిని కలపొద్దు. వాటికి వేరే గొప్పతనం ఉంది. జీబ్రా ఫిష్‌లో రెటీనా దెబ్బతింటే ఇవే విభజన చెంది కొత్త నాడీ కణాలను పుట్టిస్తాయి.

ఆకారాలన్నీ పూర్తిగా కావాలంటే మన ల్యాబులో, వెండి లవణంతో కణాలను నల్లబరిచే గాల్జీ పద్ధతి ఒక్కటే దారి. దీన్ని లెక్చరర్ పక్కనుంటేనే చెయ్యండి. పొటాషియం డైక్రోమేట్ క్యాన్సర్ కారకం, సిల్వర్ నైట్రేట్ చర్మం మీద నల్లమచ్చ వేస్తుంది. 3.5 శాతం డైక్రోమేట్ 4 పాళ్లు, ఫార్మలిన్ 1 పాలు కలిపి అందులో రెటీనా ముక్క ఒక రోజు, ఆ తర్వాత ఫార్మలిన్ లేని డైక్రోమేట్‌లో ఇంకొన్ని రోజులు, చివరికి 0.75 శాతం సిల్వర్ నైట్రేట్‌లో రెండు రోజులు చీకట్లో. ముక్కను ఎర్రటి పొడి కమ్ముకుంటుంది, భయపడకండి, బ్రష్షుతో దులిపెయ్యండి. మందంగా, 60 నుంచి 100 మైక్రాన్ల దాకా కోయాలి, పల్చగా కోస్తే కొమ్మలు తెగిపోతాయి. వందల కణాల్లో ఏవో కొన్ని మాత్రమే నల్లగా, వేరు నుంచి కొమ్మ చివరిదాకా పూర్తిగా కనపడతాయి. ఇటలీ శాస్త్రవేత్త గాల్జీ 1873లో ఈ పద్ధతి ప్రకటించాడు, కహాల్ దీంతోనే చేపల నుంచి క్షీరదాల దాకా రెటీనాలు గీసి 1893లో ప్రచురించాడు. 1906 నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఒక బ్లాకులో హారిజాంటల్ కణాలే పడొచ్చు, ఇంకోదాంట్లో ఒక్క ముల్లర్ కణాలే పడొచ్చు. ఏమీ పడకపోవడం కూడా మామూలే, అందుకని ఒకే కన్నును నాలుగు ముక్కలు చేసి నాలుగు సీసాల్లో వెయ్యండి. గాల్జీ కోతలకు పాత పద్ధతిలో కవర్ స్లిప్ వెయ్యకుండా పైన బాల్సమ్ అనే చెట్టు జిగురు పూసి ఆరనివ్వాలి. కవర్ స్లిప్ కింద అవి త్వరగా పాడవుతాయి. చీటీ మీద చేప పేరు, దాని పొడవు, ఏ కన్ను, చీకట్లో ఉంచారా వెలుతురులోనా, ఇవన్నీ అప్పటికప్పుడే పెన్సిల్‌తో రాసి అంటించండి. ఇంకుతో రాస్తే జైలీన్‌కు చెరిగిపోతుంది.